అమెరికాలో బర్డ్ ఫ్లూ: పచ్చిపాలు, నాటుకోడి దగ్గరే అసలు జాగ్రత్త

2024 మార్చిలో టెక్సస్, కాన్సస్ డెయిరీ ఆవుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 బయటపడింది. జబ్బుపడ్డ ఆవుల పాలల్లో ఈ వైరస్ విపరీతంగా ఉంటుంది. గట్టి పెరుగు కోసమనో, నెయ్యి కోసమనో ఫామ్ నుంచి పచ్చిపాలు తెచ్చుకునేవాళ్లు ఆ పని మానేయాలి. ఇంటికొచ్చాక కాచుకుంటాం కదా అంటారు. కాచేలోపే ఆ పాలు వంపుతుంటే చేతుల మీద, గట్టు మీద చిందుతాయి, అదే చేత్తో కళ్లు నులుముకుంటాం. స్టోర్‌లో దొరికే పాశ్చరైజ్డ్ పాలతో భయం లేదు. పచ్చిపాలు పిల్లికి కూడా పోయకండి, అవి తాగి పిల్లులు చనిపోయాయి.

నాటుకోడి కోయించుకోవడానికి ఫామ్‌కు వెళ్తే పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి. కోసి, ఈకలు పీకి, ముక్కలు కొట్టి ఇమ్మనండి, మీరు దూరంగా నిలబడండి. కోళ్లు మందకొడిగా ఉన్నా, ఉన్నట్టుండి చస్తున్నా కొనకుండా వచ్చేయండి. చెప్పులు గరాజ్‌లోనే విడిచి, చేతులు సబ్బుతో కడిగి, బట్టలు వాషర్‌లో వేయండి.

పసుపు, ఉప్పు వేసి చికెన్ కడగడం మనకు అలవాటే గానీ, ఆ నీళ్లు చింది పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి. కడక్కుండా వండుకోవడమే మేలు. మనసొప్పకపోతే చుట్టూ అన్నీ తీసేసి, కుళాయి సన్నగా తిప్పి గిన్నెలో కడగండి. తర్వాత సింక్‌ను సబ్బుతో తోమి, గాలన్ నీళ్లలో టేబుల్‌స్పూన్ వాసనలేని బ్లీచ్ కలిపి తుడవండి.

కుతకుతా ఉడికే కూరతో ఇబ్బంది ఉండదు. గ్రిల్ మీద లెగ్ పీసులే మోసం చేస్తాయి: పైన మాడుతుంది, ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది. థర్మామీటర్ ఎముకకు తగలకుండా మందంగా ఉన్నచోట గుచ్చండి, 165 ఫారన్‌హీట్ (74 సెల్సియస్) చూపించాలి. గుడ్డులో సొన కూడా గట్టిపడాలి. వండుతుండగా పిల్లలు అడిగారని పచ్చిముక్క చేతికివ్వద్దు. 2025లో పల్నాడు జిల్లాలో హెచ్5ఎన్1తో చనిపోయిన చిన్నపాప పచ్చి చికెన్ ముక్క తిన్నదని అధికారులు చెప్పారు.

పార్కులో చచ్చిన బాతునో, గీస్‌నో ముట్టుకోవద్దు. పక్షుల్ని, పశువుల్ని తాకినా, పచ్చిపాలు తాగినా పది రోజులు ఒంటిని కనిపెట్టుకోండి. అమెరికా కేసుల్లో చాలామందికి ముందు కళ్లే ఎర్రబడ్డాయి. కళ్లు ఎర్రబడినా, జ్వరం, దగ్గు వచ్చినా క్లినిక్‌కు వెళ్లేముందే ఫోన్ చేసి ఏం తాకారో చెప్పండి. మామూలు ఫ్లూ ర్యాపిడ్ టెస్ట్‌లో ఇది బర్డ్ ఫ్లూ (హెచ్5) అని తేలదు, శాంపిల్ పబ్లిక్ హెల్త్ ల్యాబ్‌కు వెళ్లాలి. ఫ్లూ మందు టామిఫ్లూ లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది కాబట్టి రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌ను అడగండి.