పాత స్ప్లెండర్‌కి స్పీడ్ మీటర్ మార్చాలా? ముందు కేబుల్ చూడండి

ముల్లు కదలడం లేదనగానే మీటర్ పోయిందని తేల్చేస్తారు, షాపులో అడిగితే కొత్త మీటరే తీసి చేతిలో పెడతారు. కాస్త ఆగండి. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ దగ్గర్నుంచి ఆ కాలపు బండ్లలో చాలావాటికి స్పీడు లెక్క ముందు చక్రం హబ్‌లో, అంటే చక్రం మధ్య భాగంలో ఉండే మీటర్ గేర్ దగ్గర మొదలవుతుంది, అక్కడి నుంచి కేబుల్ లోపలి వైరు తిరుగుతూ పైకి వస్తే మీటర్ ముల్లు లేస్తుంది. గేరు, కేబులు, మీటరు, ఈ మూడింటిలో ఏది ఆగినా పైన కనిపించేది ఒకటే, ముల్లు సున్నా దగ్గర పడి ఉంటుంది. ఎక్కువసార్లు పోయేది కేబుల్. దాని ధర మీటర్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకో సంగతి, పాత మీటర్‌ని పాడుచేసింది కేబులే అయితే దాన్ని అలాగే ఉంచి కొత్త మీటర్ బిగించినా అదీ ఎక్కువ కాలం నిలవదు.

మీటర్ లోపల పని ఎలా జరుగుతుందో తెలిస్తే జబ్బు సగం అక్కడే దొరుకుతుంది. కేబుల్ కొన ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని మీద తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది, అయస్కాంతం తిరిగే కొద్దీ ఆ గిన్నెలో పుట్టే కరెంటు వల్ల గిన్నె కూడా అటే లాగబడుతుంది, వెంట్రుక లాంటి స్ప్రింగ్ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ గిన్నె ఇరుసు మీదే ముల్లు ఉంటుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం పళ్ల చక్రాలతో విడిగా తిరుగుతాయి. కాబట్టి అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం కదలకపోతే తప్పు మీటర్‌దే. ముల్లు సరిగ్గా ఉండి అంకెలు ఆగితే లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి, అదీ మీటర్‌దే. రెండూ ఆగితే ముందు కేబుల్‌నీ గేర్‌నీ అనుమానించండి. ముల్లు 30కీ 50కీ మధ్య ఊగుతుంటే అది దాదాపు ఎప్పుడూ కేబులే, ఎక్కడో మడత పడి లోపలి వైరు పట్టి పట్టి వదులుతోందని అర్థం. బండి ఆపినా ముల్లు 20 దగ్గరే నిలబడితే లోపల గ్రీజో నీళ్లో చేరాయి, లేదా స్ప్రింగ్ పాడైంది.

ఇప్పుడు పరీక్ష. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెడితే ముందు చక్రం నేలను వదిలి లేస్తుంది. మీటర్ కింద కేబుల్ పట్టుకున్న గుండ్రటి నట్టును చేత్తోనే విప్పండి, బిగిసిపోయి ఉంటే గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా తిప్పండి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ కేబుల్ కొన చూడండి. నలుచదరంగా ఉన్న ఆ కొన తిరుగుతుంటే కేబులూ గేరూ బాగున్నాయి, మీటరే పోయింది. తిరగకపోతే కింద హబ్ దగ్గర స్క్రూ విప్పి కేబుల్ బయటికి తీసి లోపలి వైరును లాగండి. రెండు ముక్కలుగా వచ్చిందా, మీ పని కేబుల్‌తో అయిపోయినట్టే. వైరు బాగుండి చక్రం తిప్పినా హబ్ లోపలి గేర్ తిరగడం లేదంటే మీటర్ గేర్ అరిగింది, చక్రం విప్పాలి.

మీటర్ కొనేటప్పుడు బండి మోడల్, తయారైన ఏడాది చెప్పండి, కుదిరితే పాతది చేతిలో పట్టుకెళ్లండి. స్ప్లెండర్, సూపర్ స్ప్లెండర్ మీటర్లు ఒకటి కావు. బిగించే రంధ్రాలు కుదిరినంత మాత్రాన సరిపోదు, కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటర్ అనే లెక్క బండిని బట్టి మారుతుంది, వేరే బండి మీటర్ వేస్తే ముల్లు తిరుగుతుంది గానీ చూపించేది అబద్ధం. నా మాట అడిగితే నాసిరకం లోకల్ మీటర్ కంటే విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికి మంచి స్థితిలో ఉన్న పాత కంపెనీ మీటర్ తెచ్చుకోవడం మేలు. కొనే ముందు ఒక పాత కేబుల్ వైరు ముక్క దాని అడుగున పెట్టి వేళ్లతో చురుగ్గా తిప్పండి, ముల్లు గభాల్న లేచి మళ్లీ సున్నాకి వచ్చి ఆగాలి. లేవకపోతే రెండోవైపుకి కూడా తిప్పి చూశాకే వద్దనండి, ఎందుకంటే ముల్లు ఒకే దిశకి పనిచేస్తుంది.

విప్పేటప్పుడు కీ ఆఫ్‌లో ఉండాలి, బ్యాటరీ ఫ్యూజ్ కూడా తీసేస్తే టెన్షన్ ఉండదు. హెడ్‌లైట్ డూమ్, అంటే లైటు కూర్చునే డొప్ప, దాని బోల్టులు విప్పి ముందుకు వంచితే వెనకాల తీగలన్నీ కనిపిస్తాయి. ఏదీ లాగకముందే ఫోన్లో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ఎవరూ కెలకని హీరో హోండా వైరింగ్‌లో ఆకుపచ్చది ఎర్త్, నీలం హై బీమ్, లేత ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉన్నది న్యూట్రల్. బల్బు హోల్డర్లు రబ్బరుతో బిగుతుగా ఉంటాయి, తీగ పట్టుకుని కాకుండా హోల్డర్ పట్టుకుని తిప్పుతూ లాగండి. మీటర్‌ని పట్టుకున్న నట్ల కింద రబ్బరు వాషర్లుంటాయి, అవి ఎండి పగిలి ఉంటే మాత్రం తప్పకుండా కొత్తవి వేయండి, ఎందుకంటే బండి వణుకు మీటర్‌కి తగలకుండా ఆపేది అవే.

కేబుల్ పాతదే వాడుతున్నా కొత్తది వేస్తున్నా గ్రీజు విషయంలో జాగ్రత్త. లోపలి వైరును బయటికి తీసి కిరోసిన్‌తో తుడిచి, ఆరాక వేళ్లతో పల్చగా గ్రీజు రాయండి, పై జానెడు మాత్రం పొడిగా వదిలేయండి. ఆ వైరు తిరుగుతున్నప్పుడు గ్రీజు మెల్లమెల్లగా పైకి పాకుతుంది, ఎక్కువ పూస్తే నేరుగా మీటర్లోకి వెళ్లి గిన్నెనీ అయస్కాంతాన్నీ అంటిస్తుంది, అప్పుడు ముల్లు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. కేబుల్‌ని పాత దారిలోనే, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) పక్కనున్న క్లిప్పుల గుండా పోనిచ్చి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడండి, ఎక్కడా లాగినట్టు గానీ మడత పడినట్టు గానీ ఉండకూడదు.

గేర్ మార్చాల్సి వచ్చి చక్రం విప్పితే రెండు చోట్ల కళ్లు పెట్టాలి. గేర్ కొమ్ములు హబ్ గాడిలో కూర్చున్నాకే యాక్సిల్ బిగించండి, లేకపోతే కొత్త గేర్ బిగించిన నిమిషంలోనే నలిగిపోతుంది. రెండోది ప్రాణానికి సంబంధించింది, డ్రమ్ బ్రేక్ ప్లేటు మీదున్న గాడిలో ఫోర్క్‌కి ఉన్న కొమ్ము కచ్చితంగా కూర్చోవాలి, అది కూర్చోకపోతే బ్రేక్ నొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి బండిని పడేస్తుంది. బిగించాక చక్రం తేలిగ్గా తిరుగుతోందా, బ్రేక్ పడుతోందా చూడకుండా రోడ్డెక్కొద్దు.

అన్నీ కలిపాక కీ ఆన్ చేస్తే న్యూట్రల్ లైటు, ఇండికేటర్లు రావాలి. మీటర్ లోపలి లైటు రాలేదని కంగారు పడొద్దు, పాత స్ప్లెండర్లలో హెడ్‌లైట్‌తో పాటు అది కూడా ఇంజన్ నడుస్తుంటేనే వెలుగుతుంది.

ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద వెనకాల ఒకరిని ఎక్కించుకుని, వాళ్ల ఫోన్లో జీపీఎస్ స్పీడ్ చూడమని 40, 60 దగ్గర నిలకడగా నడపండి. మీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తే మామూలే, తక్కువ చూపిస్తే ఆ మీటర్ మీ బండిది కాదు. దూరం సంగతి హైవే కిలోమీటరు రాళ్లు చెబుతాయి, 10 రాళ్లు దాటేసరికి అంకె కూడా పది దగ్గరికి రావాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 117వది బండికి స్పీడోమీటర్ ఉండాలంటుంది, 15 ఏళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కి బండి చూపించే ముందే ఈ పని పూర్తిచేసుకోండి.

పాత మీటర్ పారేయకముందు దాని మీదున్న కిలోమీటర్లు, మార్చిన తేదీ, కొత్తదాని మీద అప్పటికే ఉన్న అంకె, మూడూ సర్వీస్ పుస్తకంలో రాసి ఫోటో కూడా ఉంచుకోండి. ఆయిల్ మార్చే లెక్క తప్పదు, రేపు బండి అమ్మితే కొనేవాళ్లకి అసలు కిలోమీటర్లు చూపించాల్సిన బాధ్యత కూడా మనదే.