డొమైన్ దొంగలు, 4వ పాఠం: ఇంట్లో తాళంచెవి పెట్టి తాళం వేస్తే

డొమైన్ అంటే మీ సైట్ పేరు, దాన్ని మీకు అమ్మిన కంపెనీ రిజిస్ట్రార్. పోయిన పాఠంలో ఆ రిజిస్ట్రార్ అకౌంట్ గురించి "సైట్ చేసిన కుర్రాడి మెయిల్ తీసేసి, ఓనరుగా మీ మెయిల్ పెట్టుకోండి" అన్నాను. ఏ మెయిలో చెప్పలేదు, అది నా తప్పే. కడియం నర్సరీ ఆయన, అంబాజీపేటలో కొబ్బరి పీచు అమ్మే అక్క, ఇంకా చాలామంది తమ డొమైన్ పేరు మీదున్న మెయిలే (@ తర్వాత తమ సైట్ పేరే ఉండేది) పెట్టేశారు. వెంటనే తీసేయండి.

ఎందుకంటే మీ డొమైన్ మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేది ఆ డొమైన్ నేమ్‌సర్వర్లే, అంటే పేరుని బట్టి దారి చూపే సర్వర్లు. దొంగ మీ రిజిస్ట్రార్ అకౌంట్‌లో దూరి వాటిని మార్చాడంటే ఇక మీ ఉత్తరాలు వాడి పెట్టెలో పడతాయి, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని మీరు నొక్కినా లింకు వెళ్లేది వాడికే. దొంగ రాకపోయినా ముప్పే. డాట్ కామ్ లాంటి పేర్లకి గడువు ముగియడానికి సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, మొత్తం రెండు కబుర్లు రిజిస్ట్రార్ పంపాలి, రొయ్యల పట్టుబడి హడావుడిలో ఆ రెండూ చూసుకోలేదనుకోండి, పేరుతో పాటు మెయిలూ ఆగిపోతుంది, తర్వాత కబురు ఆ ఆగిపోయిన పెట్టెకే వస్తుంది. అందుకని జీమెయిల్ లాంటి బయటి మెయిల్ పెట్టండి. నేనైతే విజిటింగ్ కార్డు మీద ఎప్పుడూ వేయని అడ్రసు ఒకటి ఈ పనికే ఉంచుకున్నాను.

"సైట్ తెరుచుకుంటోందిగా సార్, ఇంక భయమేముంది" అంటున్నారు కొందరు. పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషకి చెందిన పెర్ల్.కామ్ 2021 జనవరి చివర్లో చేజారినట్టు బయటపడింది. ఆరా తీస్తే అకౌంట్ పోయింది 2020 సెప్టెంబరులో, పేరు వేరే రిజిస్ట్రార్‌కి మారింది డిసెంబరులో! జనవరి దాకా నేమ్‌సర్వర్లు మార్చలేదు కాబట్టి సైట్ మామూలుగానే తెరుచుకుంది. ఫిబ్రవరిలో తిరిగి దక్కింది. నెలకోసారి హూఈజ్‌లో, అంటే డొమైన్ వివరాలు చూపించే వెతుకులాట పేజీలో, రిజిస్ట్రార్ పేరు చూడమనేది ఇందుకే.

ట్రాన్స్‌ఫర్ లాక్ (పేరు వేరే రిజిస్ట్రార్‌కి మారకుండా వేసే తాళం), టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడగడం) గురించి మళ్లీ చెప్పను. ఎస్సెమ్మెస్ ఓటీపీ కన్నా నాకు ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాపే ఇష్టం, ఆ ఫోన్ పోతే వాడుకునే బ్యాకప్ కోడ్లు పద్దు పుస్తకం వెనకట్ట లోపల రాసి పెడతాను.

అభ్యాసం ఈ రాత్రికే చేయండి. మీ ఫోనూ కంప్యూటరూ పక్కన పెట్టి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి రిజిస్ట్రార్ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి. లింకు ఏ మెయిల్‌కి వెళ్లింది, ఆ మెయిల్ పాస్‌వర్డ్ పోతే కోడ్ ఏ నంబరుకి వస్తుంది, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది, వరసగా కాగితం మీద రాయండి. రాజోలు తమ్ముడొకడు ఇలా వెతుక్కుంటూ పోతే చివరి కోడ్ మస్కట్ వెళ్లిన బావ పాత సిమ్‌కి పోతోంది, అది రీఛార్జ్ చేసి ఏడాది దాటింది. అలా వదిలేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ కాగితంలోనూ అలాంటిది తేలితే ఐదో పాఠం దాకా ఆగకుండా ముందు ఆ నంబరు మార్చేయండి.