మారిషస్‌కు వలస వెళ్లిన తెలుగు పూర్వీకుల రికార్డు పొందడానికి దరఖాస్తు విధానం

1834 నుంచి చెరకు తోటల్లో పని కోసం ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరిన దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయుల్లో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల్లో ఓడ ఎక్కిన తెలుగువారు కూడా ఉన్నారు. వారి వివరాలు రాసిన రిజిస్టర్లు ఇప్పుడు మారిషస్‌లోని మోకా పట్టణంలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన భారతీయ వలస ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పూర్వీకుల రికార్డు నకలు కావలసిన వారు దరఖాస్తు చేసుకోవలసింది అక్కడే.

దరఖాస్తుకు ముందు వంశక్రమాన్ని పత్రాలతో నిరూపించుకోవాలి. మీ జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి, తల్లిదండ్రుల, తాతల, ముత్తాతల జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలను సివిల్ స్టేటస్ కార్యాలయం నుంచి తీసుకుంటూ, ఓడ దిగిన మొదటి వ్యక్తి దాకా ఒక్క తరం కూడా తప్పిపోకుండా చేరుకోవాలి. పాత పత్రాలు ఎక్కువగా ఫ్రెంచిలో ఉంటాయి కనుక ఆ భాష చదవగలిగిన వారిని వెంట ఉంచుకోవడం మంచిది. హిందూ సంప్రదాయంలో మాత్రమే జరిగి రిజిస్టరు కాని పెళ్లిళ్లను ఆనాటి ప్రభుత్వం గుర్తించలేదు. అందువల్ల కొన్ని జనన పత్రాల్లో తండ్రి పేరు కనిపించదు. అది కుటుంబానికి మచ్చ కాదు, ఆనాటి చట్టంలోని అన్యాయం. అటువంటప్పుడు తల్లి వైపు నుంచి వెతకాలి.

ఈ పత్రాల్లో ముఖ్యంగా చూడవలసింది వలసదారు నంబరు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలోని వలస డిపోలో దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చేవారు. పేరుతో వెతకడం కంటే దీనితో వెతకడమే నమ్మదగిన పద్ధతి, ఎందుకంటే గుమాస్తాలు చెవికి వినిపించినట్టు పేర్లు రాసుకున్నారు, మన ఇంటిపేర్లను చాలావరకు వదిలేశారు. తరువాతి కాలంలో పూర్వీకుడి సొంత పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. నేడు అక్కడ అప్పడు, వీరాసామి వంటివి ఇంటిపేర్లు కావడానికి కారణం ఇదే.

నంబరు, ధ్రువపత్రాల నకళ్లు, గుర్తింపు పత్రం జతచేసి దరఖాస్తు సమర్పించాలి. రికార్డులో సాధారణంగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, శరీరంపై గుర్తులు, జిల్లా, గ్రామం, ఓడ పేరు, చేరిన తేదీ ఉంటాయి. 1860ల తర్వాత నమోదైన కొందరికి ఫోటో కూడా దొరుకుతుంది.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతి వారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు కోరేవారికి ఈ రికార్డు ఎంతో అవసరం. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు అర్హత కల్పించే ప్రత్యేక వెసులుబాటును 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము అక్కడ పర్యటించినప్పుడు ప్రకటించారు. వంశక్రమ పత్రాలన్నింటిలో పేర్ల అక్షరాలు ఎక్కడ తేడాగా ఉన్నాయో ముందే గుర్తించి, వాటికి వివరణ సిద్ధం చేసుకోవాలి.

సొంత ఊరు వెతికేవారు ఆనాటి జిల్లాల హద్దులను దృష్టిలో ఉంచుకోవాలి. రికార్డులో గంజాం జిల్లా అని ఉన్నంత మాత్రాన ఆ ఊరు ఇప్పటి ఒడిశాలోనే ఉండనక్కరలేదు. 1936 వరకు శ్రీకాకుళం ప్రాంతం ఆ జిల్లాలోదే, పైగా ఆ పట్టణాన్ని ఆంగ్లేయులు చికాకోల్ అని రాసేవారు. విశాఖపట్నం జిల్లా అని ఉంటే ఇప్పటి విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని గ్రామాలను కూడా చూడాలి.