కృపావరాలు, నాలుగో పాఠం: హెచ్చరిక అంటే చీవాట్లు కాదు

ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకుందాం. బైబిల్లో రోమా 12, 1 కొరింథీ 12, ఎఫెసీ 4, 1 పేతురు 4 చదివి మీ వరమేదో, అంటే సంఘానికి సేవ చేయడానికి దేవుడు మీకిచ్చిన సామర్థ్యమేదో రాయమన్నాను. చాలామంది అది వదిలేసి, మొత్తం వరాలెన్నో కూడే పనిలో పడ్డారు. ఒకరైతే రంగులేసి పట్టిక గీశారు. 1 కొరింథీ 12లోనే 8-10 వచనాల్లో తొమ్మిది ఉన్నాయి, 28లో ఎనిమిది. రెండూ ఒకటి కావు. ఆ పత్రిక రాసిన పౌలుకే పట్టని లెక్క మనకెందుకు? పేతురు రెండే అన్నాడు: బోధించడం, ఉపచారం చేయడం. నేనైతే అక్కడే మొదలుపెడతాను, సగం టెన్షన్ తగ్గుతుంది.

సంఘం ఒక శరీరం, మనం దాని అవయవాలం అన్న పోలిక మీకు తెలిసిందే. దాటేస్తున్నా.

అసలు తంటా "నాది హెచ్చరిక వరం" అని రాసినవాళ్లతో. దాదాపు అందరూ ఒకటే వివరణ: తప్పు కనబడితే మొహం మీదే కడిగేస్తారట. "ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను ఊరుకోను" అని కూడా ఒకరు. అయ్యా, అది వరం కాదు, కోపం.

రోమా 12:8లో "హెచ్చరించువాడైతే" అన్నచోట గ్రీకు మాటకు మూలార్థం పక్కకు పిలవడం. ధైర్యం చెప్పడం, బతిమాలడం, ఓదార్చడం అన్నీ అందులోకే వస్తాయి. యోహాను 14:16లో పరిశుద్ధాత్మను పిలిచిన "ఆదరణకర్త" కూడా ఆ కుదురు మాటే. మనం వార్నింగ్ అనే అర్థంలో చదివేసుకుని చేతికి బెత్తం తీసుకున్నాం.

నమ్మకం కుదరకపోతే అపొస్తలుల కార్యములు 4:36 చూడండి. బర్నబా అంటే "హెచ్చరిక పుత్రుడు". మరి ఆయన ఎవరిని కడిగేశాడు? అంతకుముందు విశ్వాసులను హింసించిన సౌలును (తర్వాత పౌలు అయినవాణ్ణే) చూసి యెరూషలేములో శిష్యులంతా భయపడుతుంటే చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. సువార్త ప్రయాణం మధ్యలో వదిలేసి వెళ్లిన మార్కును పౌలు వద్దన్నా వెంటబెట్టుకుపోయాడు. పైగా ఆ పుస్తకం మొత్తంలో బర్నబా ఒక్కడే మాట్లాడిన వాక్యం యథాతథంగా ఒక్కటీ లేదు; ఉన్నవి పౌలుతో కలిసి అన్నవే. పేరు హెచ్చరిక, మాట మాత్రం కనబడదు!

1 కొరింథీ 12:28లో వరంగా చెప్పిన "ప్రభుత్వములు" కూడా ఇలాంటిదే. అక్కడి మాట ఓడకు చుక్కాని పట్టడం గురించి. కమిటీలో కుర్చీ దొరికినవాళ్లు తొందరపడకండి, దాని పని వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఏడు రోజులు మీ వరం మాట ఎత్తొద్దు. సంఘంలో అందరూ దూరం పెట్టిన ఒకరి పక్కన రోజూ కాసేపు కూర్చోండి. సలహా ఇవ్వకూడదు, బైబిలు వాక్యం ఎత్తకూడదు. మూడో రోజుకే నోరు ఆగకపోతే మళ్లీ ఒకటో రోజు నుంచి.