మౌస్ బటన్‌తో డిక్టేషన్: నొక్కినా మైక్ తెరుచుకోకపోతే ఎక్కడ వెతకాలి

మాట్లాడి టైపు చేసుకునేవారు కూడా కీబోర్డు మీద చెయ్యి వేయక తప్పని పని ఒకటుంది, అది మైకును తెరవడం, మూయడం. విండోస్ 11లో వాయిస్ టైపింగ్ కోసం విండోస్ కీతో కలిపి హెచ్ నొక్కాలి. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కాలి. డ్రాగన్ అనే డిక్టేషన్ ప్రోగ్రాములో మామూలుగా నంబర్ ప్యాడ్ మీది ప్లస్ కీ ఆ పని చేస్తుంది. మణికట్టు నొప్పితో డిక్టేషన్‌కు మారిన నాలాంటివారికి రోజుకు పదుల సార్లు ఈ కీల కోసం చెయ్యి చాచడం కూడా భారమే కాబట్టి, మౌస్‌కు బొటనవేలి దగ్గర ఉండే రెండు పక్క బటన్లలో ఒకదానికి ఆ షార్ట్‌కట్‌ను అప్పగించడం మంచి ఉపాయం. అయితే ఈ ఏర్పాటు చెడినప్పుడు చాలామంది ముందుగా మైకును అనుమానిస్తారు. నా అనుభవంలో మైకు దోషి అయిన సందర్భాలు తక్కువ.

తప్పు ఏ పక్క ఉందో ముందు తేల్చుకోవాలి

బటన్ నొక్కడానికీ, మాట అక్షరమై తెర మీద పడడానికీ మధ్య మౌస్, బటన్లకు పనులు అప్పగించే మౌస్ సాఫ్ట్‌వేర్, అది పంపే కీ, ఆ కీని అందుకునే డిక్టేషన్ ప్రోగ్రాము ఉన్నాయి. అన్నింటినీ ఒకేసారి కెలకకుండా రెండు చివరల నుంచి పరీక్షించాలి. మొదట నోట్‌ప్యాడ్ తెరిచి, కర్సర్‌ను అందులో ఉంచి, మౌస్‌ను ముట్టుకోకుండా కీబోర్డు మీదే షార్ట్‌కట్ నొక్కి చూడండి. అప్పుడూ డిక్టేషన్ మొదలుకాకపోతే మౌస్‌తో సంబంధం లేదు. విండోస్ వాయిస్ టైపింగ్‌కు ఇంటర్నెట్, పనిచేసే మైకు, టైపు చేయడానికి వీలైన పెట్టెలో కర్సర్ మూడూ ఉండాలి కాబట్టి వాటిని చూసుకోవాలి. కీబోర్డుతో పనిచేస్తే, మౌస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్‌కు తాత్కాలికంగా ఏదో ఒక మామూలు అక్షరం ఇచ్చి నోట్‌ప్యాడ్‌లో నొక్కండి. అక్షరం పడితే బటన్ బాగానే ఉంది, తప్పు షార్ట్‌కట్‌ను నమోదు చేసిన తీరులో ఉంది. పడకపోతే మౌస్ సాఫ్ట్‌వేరో, బటనో కారణం.

నొక్కితే వేరే పని జరుగుతోంది

పక్క బటన్లు పుట్టుకతో బ్రౌజర్‌లో వెనక్కి, ముందుకు వెళ్లే బటన్లు. మౌస్ సాఫ్ట్‌వేర్ నడవనంతసేపూ అవి ఆ పనే చేస్తాయి. ఒకసారి వెబ్ పేజీలోని పెట్టెలో రెండు పేరాలు డిక్టేట్ చేసి, మైకు మూద్దామని బొటనవేలితో నొక్కితే పేజీ వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ ముందుకు వచ్చి చూస్తే పెట్టె ఖాళీగా ఉంది. ఆ ఉదయం కంప్యూటరును రీస్టార్ట్ చేశాను, మౌస్ సాఫ్ట్‌వేర్ దానంతట అది మొదలుకాలేదు, అంతే కారణం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిచి ఆ ప్రోగ్రామును ఎనేబుల్ చేసి ఉంచితే ఈ బాధ తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ నడుస్తున్నా, ఒక ప్రోగ్రాములో డిక్టేషన్ తెరిచే బటన్ మరొకదానిలో ఇంకేదో చేస్తుంటే, ఆ కీల కలయికకు అక్కడ వేరే అర్థం ఉందని గ్రహించాలి. గూగుల్ డాక్స్ షార్ట్‌కట్‌నే తీసుకుంటే, అవే మూడు కీలు ఫైర్‌ఫాక్స్‌లో స్క్రీన్‌షాట్‌కు, వర్డ్‌లో స్టైల్స్ పెట్టెకు చెందుతాయి. లాజిటెక్, రేజర్ సాఫ్ట్‌వేర్లలోనూ, ఉచితంగా దొరికే ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్‌లోనూ ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ప్రొఫైల్ (బటన్ల సెట్టింగుల జాబితా) పెట్టుకోవచ్చు కాబట్టి, డాక్స్ వాడే బ్రౌజర్‌కు ఒక షార్ట్‌కట్, మిగతావాటికి విండోస్ వాయిస్ టైపింగ్ ఇచ్చుకోవడం సరైన పరిష్కారం. ఇదే సౌకర్యం తిప్పలు కూడా తెస్తుంది: ఒక ప్రోగ్రాముకు పాత ప్రొఫైల్ మిగిలిపోతే, మీరు ప్రధాన ప్రొఫైల్‌లో చేసిన మార్పు అక్కడ పనిచేయదు.

డ్రాగన్ వాడేవారికి ఎదురయ్యే విచిత్రం మరొకటి ఉంది. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ మీద షార్ట్‌కట్ రికార్డు చేసేటప్పుడు అక్షరాల పైవరుసలోని ప్లస్‌ను నొక్కుతారు. కంప్యూటరు దృష్టిలో అది షిఫ్టుతో కలిసిన ఈక్వల్ కీ మాత్రమే. దాంతో మైకు తెరుచుకోదు, వాక్యం మధ్యలో ఒక ప్లస్ గుర్తు పడుతుంది. మౌస్ సాఫ్ట్‌వేర్‌లోని కీల జాబితాలో నంబర్ ప్యాడ్ ప్లస్ విడిగా ఉంటే దాన్నే ఎంచుకోండి. లేకపోతే విండోస్ ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరిచి, ఆప్షన్స్‌లో నంబర్ ప్యాడ్‌ను ఆన్ చేసి, రికార్డు చేసే సమయంలో అక్కడి ప్లస్‌ను నొక్కి చూడండి.

మైక్ తెరుచుకున్న మరుక్షణం మూసుకుంటోంది

అన్నింటిలోకీ ఎక్కువ విసిగించేది ఇదే, ఎందుకంటే చూడడానికి డిక్టేషన్ ప్రోగ్రాములో లోపంలా కనిపిస్తుంది. ఒకే కీ మైకును తెరిచి, మళ్లీ అదే కీ మూసే పద్ధతిలో, మీరు ఒకసారి నొక్కినా కీ రెండుసార్లు వెళితే మైకు తెరుచుకుని మూసుకుంటుంది. రెండుసార్లు ఎందుకు వెళుతుందనేదానికి మూడు కారణాలు చూశాను. మొదటిది, మాక్రోలో, అంటే బటన్ నొక్కితే వెళ్లాలని నమోదు చేసిన కీల వరుసలో, ‘నొక్కి పట్టుకున్నంతసేపు మళ్లీ మళ్లీ పంపు’ అనే ఎంపిక ఆన్ అయి ఉండడం. దాన్ని ‘ఒక్కసారే’ అని మార్చాలి. రెండవది, ఒకే బటన్‌ను రెండు ప్రోగ్రాములు పట్టుకోవడం: మౌస్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎక్స్-మౌస్‌నో, కీలకు, బటన్లకు మనమే పనులు రాసుకునే ఆటోహాట్‌కీ స్క్రిప్టునో నడుపుతుంటే ఇది జరగవచ్చు, కాబట్టి ఒకదాన్ని పూర్తిగా మూసి చూడాలి.

మూడవది అరిగిపోయిన స్విచ్. బటన్ కింద ఉండే చిన్న లోహపు రేకు కొంతకాలానికి పట్టు తప్పి, ఒక్క నొక్కుకే అదిరి రెండు సంకేతాలు పంపుతుంది. బటన్‌కు అక్షరం ఇచ్చి నోట్‌ప్యాడ్‌లో ఇరవైసార్లు నెమ్మదిగా నొక్కి లెక్కపెట్టండి. ఇరవైకి బదులు ఇరవై మూడు అక్షరాలు పడితే సందేహం తీరినట్టే. తక్షణ ఉపశమనం రెండో పక్క బటన్‌కు మారడం. ఆటోహాట్‌కీ తెలిసినవారు, సెకనులో ఐదో వంతులోపు వచ్చే రెండో నొక్కును పట్టించుకోవద్దని నాలుగైదు వరుసల్లో రాసుకోవచ్చు. టంకం పెట్టడం వచ్చిన మెకానిక్ దగ్గర స్విచ్ మార్పించడం శాశ్వత మార్గం.

దీనికి ఎదురు సమస్య, నొక్కి పట్టుకున్నంతసేపే వినే పద్ధతిని ఎంచుకున్నవారికి వస్తుంది. మాక్రోలు సాధారణంగా కీని నొక్కి వెంటనే వదిలేస్తాయి కాబట్టి మైకు ఒక్క క్షణం తెరుచుకుని ఆగిపోతుంది. ఇక్కడ మాక్రో వాడకూడదు. బటన్‌కు నేరుగా కీని కేటాయిస్తే, వేలు ఉన్నంతసేపు కీ కూడా నొక్కి ఉంటుంది.

డిక్టేషన్ తరువాత కీబోర్డు అడ్డదిడ్డంగా ప్రవర్తిస్తోంది

ఎస్ నొక్కితే ఫైలు సేవ్ అవుతోంది, ఏ నొక్కితే పేజీ మొత్తం సెలెక్ట్ అవుతోంది అంటే, మాక్రో కంట్రోల్ కీని నొక్కింది గానీ వదలలేదు. కీబోర్డు మీద రెండు పక్కల ఉన్న కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, విండోస్ కీలను ఒక్కొక్కటిగా నొక్కి వదిలితే అప్పటికి సర్దుకుంటుంది. తరువాత మాక్రో తెరిచి, ప్రతి కీకీ నొక్కడం, వదలడం రెండూ నమోదయ్యాయో లేదో చూడండి. డిక్టేషన్ ప్రోగ్రాము షార్ట్‌కట్‌ను మార్చుకోనిస్తే, ఎఫ్13 వంటి ఒంటరి కీని ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. విండోస్ ఎఫ్24 వరకు గుర్తిస్తుంది, మామూలు కీబోర్డుల మీద ఎఫ్12 దాటి ఉండదు, అందువల్ల వాటిని వేరే ప్రోగ్రాములు వాడుకోవడం అరుదు.

కొన్ని కిటికీల్లో మాత్రమే పనిచేయడం లేదు

అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన ప్రోగ్రాముకు, మామూలు హోదాలో నడుస్తున్న ప్రోగ్రాములు కీలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. ఇది రక్షణ, లోపం కాదు. ఆ ప్రోగ్రామును మామూలుగా తెరవండి, కుదరకపోతే మౌస్ సాఫ్ట్‌వేర్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. మరో కంప్యూటరును దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే, విండోస్ కీ కలయికలు ఏ కంప్యూటరుకు వెళ్లాలో కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్ కింద నిర్ణయించుకోవచ్చు.

మ్యాక్‌లో బటన్ పూర్తిగా మొండికేస్తే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ సెట్టింగుల్లో మౌస్ సాఫ్ట్‌వేర్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఉందో లేదో చూడండి. డిక్టేషన్ షార్ట్‌కట్‌గా కంట్రోల్ కీని రెండుసార్లు నొక్కే పద్ధతి ఉంటే, దాన్ని రెండు మూడు కీల కలయికగా మార్చుకోండి, మౌస్ సాఫ్ట్‌వేర్‌కు అది సులువు.

మైక్ తెరుచుకుంది, మాటలు మాత్రం సరిగా పడడం లేదు

తెలుగులో చెబుతుంటే సంబంధం లేని ఇంగ్లీషు ముక్కలు పడుతున్నాయంటే ఉచ్చారణను తప్పుపట్టుకోకండి. విండోస్ వాయిస్ టైపింగ్ ఆ సమయంలో కీబోర్డు ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే వింటుంది. విండోస్ కీతో స్పేస్ బార్ నొక్కి తెలుగుకు మార్చి, తరువాత డిక్టేషన్ బటన్ నొక్కాలి. రోజంతా రెండు భాషల మధ్య తిరిగేవారు రెండో పక్క బటన్‌ను ఈ భాష మార్పిడికే ఇచ్చుకుంటే హాయి.

వాక్యంలో మొదటి రెండు మూడు మాటలే పోతుంటే బ్లూటూత్ హెడ్‌సెట్‌ను అనుమానించండి. పాటలు వినే స్థితి నుంచి మైకు వాడే స్థితికి మారడానికి దానికి కొంత వ్యవధి పడుతుంది, ఈలోగా మీరు మాట్లాడింది గాలికి పోతుంది. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి, లేదా తీగతో ఉన్న యూఎస్‌బీ మైకు వాడండి. వైర్‌లెస్ మౌస్ కూడా కాసేపు కదపకపోతే నిద్రలోకి జారి, మొదటి నొక్కును మేలుకోవడానికే ఖర్చు చేస్తుంది. కాబట్టి నొక్కబోయే ముందు దాన్ని కాస్త కదిలించండి.