రోమన్ ట్రాజెడీ వేషం కట్టాలా? ముందు బూట్లు చెయ్యండి

పాత రోమ్ ట్రాజెడీ వేషం అనగానే అందరూ నేరుగా మాస్క్ మీద పడతారు. వద్దు. బూట్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే మనిషి ఎంత ఎత్తు పెరుగుతాడో తేలాకే అంగీ పొడవు, ఒంటి లావు, మాస్క్ సైజు తేలేది.

కథ కూడా ముందే చూసుకోవాలి. రోమన్ల చరిత్ర మీద రాసిన నాటకమైతే ఊదా అంచు టోగా కట్టాలి, దాని లెక్క వేరు. నేను చెప్పేది మెడియా, థయెస్టెస్ లాంటి గ్రీకు కథల వేషం.

ఈ బూట్లను కొథర్నస్ అంటారు. మడమ ఒక్కటే లేపితే హైహీల్స్ అయిపోతుంది, అడుగు మొత్తం ఒకే మందం ఉండాలి. చెప్పుల సామాన్ల షాపులో దొరికే తేలికపాటి రబ్బరు షీట్లు పొరలుగా అంటిస్తే నాలుగు అంగుళాలు చాలు. ఇటలీలోని రియెటీలో దొరికిన, దంతంతో చెక్కిన చిన్న నటుడి బొమ్మ ఒకటి ప్యారిస్‌లోని పెటీ పాలే మ్యూజియంలో ఉంది. దాని ఫొటో చూసి కర్రకాళ్ళు చేసేయకండి, పాదాల కింద పొడుగ్గా కనిపించేవి బొమ్మను పీఠంలో దించడానికి చెక్కినవని పండితుల మాట. ఆ బొమ్మను అంగీ కోసం మాత్రం బాగా చూడండి: నీలి రంగు, చారలు, మణికట్టు దాకా చేతులు.

అంగీ పేరు సిర్మా, నేల మీద ఈడ్చుకుంటూ పోయేంత పొడుగు. కొలత బూట్లు వేసుకుని నిలబడి తీసుకోండి, నడుముకి కాకుండా రొమ్ము కిందనే పట్టీ కట్టండి, అప్పుడే మనిషి ఇంకా పొడుగ్గా కనిపిస్తాడు. ముందువైపు అంచు మాత్రం బూటు మొన దాటకూడదు. రెండో శతాబ్దపు రచయిత లూసియన్ ఒకచోట, రాజు వేషంలో ఉన్న నటుడు తూలి పడితే మాస్క్ పగిలి, లోపలి చింకిపాతలూ బండ బూట్లూ బయటపడి జనం నవ్వడం గురించి రాశాడు. ఇంత కష్టపడి కట్టిన వేషానికి ఆ గతి పట్టకూడదు కదా!

ఎత్తు పెరిగాక మనిషి సన్నగా కర్రలా కనిపిస్తాడు. అందుకే అప్పటి నటులు ఛాతీకి, పొట్టకి మెత్తలు కట్టేవాళ్ళు, ఇదీ లూసియన్ చెప్పిందే. బనియన్‌కి దూది పొరలు కుట్టేస్తే సరిపోతుంది, జారదు.

ఇక మాస్క్. పలచటి నూలు గుడ్డ ముక్కల్ని మైదా పేస్టులో ముంచి, మట్టి అచ్చు మీద ఆరేడు పొరలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. నోరు బాగా తెరిచి ఉంచాలి, నుదుటి పైన జుట్టు గోపురంలా లేవాలి, దాన్నే ఒంకోస్ అంటారు. ముఖం పాత్రదే కావాలన్న రూలేమీ లేదు, నీరో చక్రవర్తి తను వేసిన కొన్ని పాత్రలకు తన పోలికలతో మాస్కులు చేయించుకున్నాడు. జుట్టు అంటించాక అన్నీ వేసుకుని, దూరంగా ఒక మనిషిని నిలబెట్టి చూడమనండి. తల మరీ పెద్దదిగా ఉందంటే మాస్క్‌ని కోయకండి, భుజాల దగ్గర ఇంకో పొర దూది వేయండి.