కీమోకి వేడి తోడైతే: డాక్టర్‌ని ఏం అడగాలె, ఇంట్ల ఏం చెయ్యొద్దు

మా చిన్నమ్మకు ఓవరీ క్యాన్సర్. కీమో మందు సరిగ పట్టుకుంటలేదని తెల్వంగనే మా హన్మకొండ గల్లీల ఒకామె వచ్చి, వేడికి క్యాన్సర్ కణాలు చస్తయట, పొట్టకి ఇసుక కాపడం పెట్టుండ్రి అని చెప్పిపోయింది. అండ్ల సగం నిజమే, పరేషాన్ చేసేది కూడా ఆ సగమే.

మందుకి మొండికేసిన కణాలు కొన్ని లోపలికొచ్చిన మందుని మోటరేసి తోడినట్టు బయటికి తోడేస్తయి, కొన్నేమో మందు తెంపిన డీఎన్ఏని మళ్ళ అతుకేసుకుంటయి. 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిల్తే ఆ అతుకులేసే పని దెబ్బతింటది, రక్తం ఎక్కువ పారి మందు కూడా ఎక్కువ చేరుతది. కానీ వేడి గడ్డ దాకా పోవాలె కదా. మే నెలల రామగుండం ఎండ 44 కొట్టినా మన ఒంట్లె 37 దగ్గర్నే ఉంటది, కాపడం కూడా అంతే, తోలు కాలుతది, గడ్డకేం కాదు.

అందుకే ముందుగాల ఇంట్ల కాపడాలు, ఆవిరి బంద్ చెయ్యుండ్రి. సిస్‌ప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఎక్కినోళ్ళకి కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి వేడి తెల్వకపోవచ్చు, బొబ్బ లేచినంకనే చూస్కుంటరు. జ్వరమొస్తే వేడి మంచిదేలే అని ఊకోవద్దు, కీమో టైంల 100.4 ఫారెన్‌హీట్ వచ్చిందంటే అర్ధరాత్రైనా ఆస్పత్రికి ఉరకాల్సిందే.

ఇగ ఎక్కించిన మందుల పేర్లు, తేదీలు, స్కాన్లు ఫైల్ల పెట్టుకొని ఆంకాలజిస్ట్‌ని హైపెక్ మాకు పనికొస్తదా అని అడగండి. గడ్డలు తీసేసినంక అదే ఆపరేషన్ల వేడి చేసిన కీమో మందుని పొట్టల తిప్పుడే హైపెక్. 2018ల వచ్చిన డచ్ ట్రయల్‌ల ఓవరీ క్యాన్సర్ 3వ దశోళ్ళకి 90 నిమిషాలు సిస్‌ప్లాటిన్ ఇట్ల తిప్పితే సగం మంది 45.7 నెలలు దాటి బతికిండ్రు, వట్టి ఆపరేషన్ అయినోళ్ళల్ల అది 33.9. అయితే వాళ్ళంతా ముందు మూడు కీమోలకు రోగం పెరగనోళ్ళు, మందు పూర్తిగ ఫెయిలైనోళ్ళు కాదు, ఈ ముక్క ఎవ్వరూ చెప్పరు. ఫ్రాన్స్‌ల పెద్దపేగు క్యాన్సర్ పొట్టంత పాకినోళ్ళకి ఆక్సాలిప్లాటిన్ అనే వేరే మందుతోని హైపెక్ చేస్తే ఆయుష్షు పెరగలె. అందుకే మా రకానికి, మా మందుకి అని గట్టిగ అడగాలె. కిడ్నీలు తట్టుకుంటయా, ఐసీయూల ఎన్నిరోజులు, ఆరోగ్యశ్రీల వస్తదా అని కూడా.

బయటినుంచి మిషన్‌తోని వేడి పెట్టేదైతే లోపల టెంపరేచర్ ఎట్ల కొలుస్తరో అడగండి. ఒక్కసారి వేడి తగిలిన కణాలు రెండు మూడు రోజులు దానికి అలవాటు పడిపోతయి, అందుకే మధ్యల గ్యాప్ ఇస్తరు. రోజూ పెడ్తం, కీమో అక్కర్లేదు అనేటోళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చుడే.

చిన్నమ్మకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుందని హైపెక్ వద్దన్నరు, మందు మార్చిండ్రు. ఇసుక మూట నేనే తీస్కపోయి పెరట్ల గుమ్మరించిన.